పిప్పరమెంటు కరిగేదాకా

నా చిన్నప్పుడు మా సండే స్కూల్లో బైబిల్ క్విజ్ పెడితే, ప్రశ్న పూర్తయ్యేదాకా ఆగినవాళ్ళెవరూ గెలిచిన పాపాన పోలేదు. సండే స్కూల్ అక్క "నలభై పగళ్ళు..." అని మొదలుపెట్టగానే చెయ్యెత్తి "నోవహు ఓడ" అనేయాలి. ఆ విద్యలో నేను ఆరితేరాను. మా వంటింట్లో ఉన్న స్టీలు గ్లాసులు, పళ్ళేలు, మూడు గిన్నెల క్యారియరు అన్నీ నేను చెయ్యెత్తి సంపాదించినవే.

చిన్నప్పుడంటే మరీ పురాతన కాలమేమీ కాదు. హైటెక్ సిటీ కోసం బండలు పేల్చుతున్న రోజులు. కానీ మా ఐటీ వాళ్ళ లెక్కలో నలభై దాటినవాళ్ళు ముసలివాళ్ళే. ఇప్పుడు ఉండేది తెల్లాపూర్‌లో కనుక తల తెల్లబడడం ఊరి మహిమేనని సర్దిచెప్పుకుని, నేనూ పెద్దల జాబితాలో చేరిపోయాను.

మా నాన్నకు బదిలీ అయి కోస్తా నుంచి వచ్చి, మాదాపూర్‌లో ఒక ఇంటి పైభాగంలో అద్దెకు దిగాం. కింద ఇంటివాళ్ళు ఉండేవారు. నేను వాళ్ళను ఓనర్ తాత, ఓనర్ అవ్వ అనేదాన్ని. ఓనర్ తాత ఆ ఊరివాడే. మెట్ల పక్కన నులక మంచం మీద కూర్చుని, మేం ఆదివారం చర్చి నుంచి రాగానే ఒక ప్రశ్న వేసేవాడు. అందులో ఎగతాళి ఉండేది కాదు, కుతూహలమే. మీ దేవుడు ఒక్కడా, ముగ్గురా? అన్నీ తెలిసిన దేవునికి మళ్ళా మైకుల చెప్పుడెందుకు? ఉపాస ప్రార్థన అంటరు, మధ్యాహ్నానికి బిర్యానీ వాసనొస్తది, ఏంది కథ?

మా తాతయ్య రిటైరైన తెలుగు మాస్టారు, సంఘపెద్ద. జవాబులు చెప్పాల్సింది ఆయనే. కానీ ఆయన "ఏమోనండీ, ఆలోచించాలి" అని నవ్వేసేవారు. మా పరువు కాపాడే బాధ్యత నామీద పడిందనుకున్నాను. ఒక్కడా ముగ్గురా అంటే నీళ్ళు, ఐసు, ఆవిరి అని చెప్పేశాను. ఆ పోలిక తప్పని పాస్టరుగారు తరువాత మందలించారు, కానీ అప్పటికే ఓనర్ తాత దాన్ని పాలాయనకు కూడా చెప్పేశాడు. బిర్యానీకి మాత్రం నా దగ్గర బైబిలు వచనం దొరకలేదు.

ఆ ఏడాది ఈస్టర్ పండుగ అయిన కొద్దిరోజులకు ఓనర్ అవ్వ తమ్ముడు చనిపోయాడు. ఆమె ఊరికి వెళ్ళి కర్మలు ముగించుకుని తిరిగొచ్చింది. అంతకుముందు ఆమె కూరగాయల బండివాడితో బేరమాడితే వీధి చివరి ఇంట్లోవాళ్ళకు ధర తెలిసేది. ఇప్పుడు గడప పక్కన మౌనంగా కూర్చుంటోంది. ఎవరేం పెట్టినా చాయ్ తప్ప ముట్టడం లేదు.

ఒకరోజు ఓనర్ తాత మెట్లెక్కి పైకి వచ్చాడు. "బిడ్డా, మీ దేవుడు సచ్చి మూడోనాడు లేచిండంటరు గదా, మరి ఆ మూడు దినాలు..."

నా చెయ్యి దానంతటదే లేచింది. సమాధికి పెట్టిన కావలి, దొర్లిపోయిన రాయి, మడిచిపెట్టిన బట్టలు, ముందుగా చూసిన స్త్రీలు, అందరినీ సాక్షులుగా నిలబెట్టాను. ఆయన తలూపాడు. "మంచిగ చెప్పినవ్ బిడ్డా" అని దిగిపోయాడు. మర్నాడు మళ్ళీ వచ్చి అదే ప్రశ్న మొదలుపెట్టాడు. నిన్న చెప్పింది సరిపోలేదు కాబోలు అనుకుని ఇంకొంతమంది సాక్షులను పిలిపించాను. మళ్ళీ తలూపి దిగిపోయాడు. వాదనలో గెలిచానని నా సంబరం. కానీ గెలిపించిన మనిషి ఓడిపోయినవాడిలా ఎందుకు నడుస్తున్నాడో నాకు తట్టలేదు.

అదంతా వింటున్న తాతయ్య పేపరు మడిచి, "అమ్మడూ, క్విజ్ ఆడదామా?" అన్నారు. కొత్త గిన్నె వస్తుందేమోనని ఎదురుగా కూర్చున్నాను.

"యోనాను మింగిన..."

"పెద్ద చేప."

"...ఆ చేపకి మళ్ళీ ఎప్పుడు ఆకలేసింది? పోనీ ఇది చెప్పు. లోతు భార్య..."

"ఉప్పుస్తంభం అయిపోయింది."

"...పేరేమిటి? సరే, దావీదు గొలియాతును..."

"వడిసెల రాయితో కొట్టాడు."

"...కొట్టినప్పుడు గొలియాతు వాళ్ళమ్మ ఏం చేస్తోంది?"

నాకు ఏడుపొచ్చింది. అవేవీ బైబిల్లో లేవని పోట్లాడాను. "లేవు. ప్రశ్న చివరి ముక్క ఎప్పుడూ అడిగేవాడి దగ్గరే ఉంటుంది" అన్నారు తాతయ్య. ప్రార్థనలో గొంతు పట్టేస్తుందని ఆయన జేబులో ఎప్పుడూ పిప్పరమెంటు బిళ్ళలు ఉండేవి. ఒకటి తీసి నా నోట్లో పెట్టారు. అది కరిగేదాకా నోరు తెరవకూడదు, కొరకకూడదు. అదీ షరతు.

ఇద్దరం కిందకి దిగాం. తాతయ్య మంచం చివర కూర్చుని, "మా మనవరాలు మీ ప్రశ్న సగమే విందిటండీ. పూర్తిగా అడగండి" అన్నారు. ఓనర్ తాత ఉబ్బిన నా బుగ్గ వంక అనుమానంగా చూశాడు. చెయ్యి లేవదని నమ్మకం కుదిరాక, భుజం మీది రుమాలు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"ఏం లేదు సారూ. ఆ మూడు దినాలు ఆయన తల్లి ఏమన్న తిన్నదా అని. మా ఆమె తమ్ముణ్ని కొడుకు లెక్క సాదింది. ముద్ద ముడుతలేదు. ఆ తల్లికి ఎవలేం చెప్పి తినిపిచ్చిండ్రో మీ బుక్కుల ఉంటే, గదే మాట జర మా ఆమెకు చెప్దామని."

నా నోట్లో పిప్పరమెంటు ఉంది కాబట్టి సరిపోయింది.

తాతయ్య మెల్లగా, "రాయలేదండీ" అన్నారు. ఓనర్ తాత మొహం వాడిపోయింది. "కానీ ఒకటి రాశారు. కొడుకు ప్రాణం పోయేముందు ఆ తల్లిని ఒక శిష్యుడికి అప్పగించాడు. అతను అప్పటినుంచి ఆవిణ్ణి తన ఇంట్లోనే ఉంచుకున్నాడు. ఇంటికి తీసుకెళ్ళినవాడు అన్నం పెట్టకుండా ఉంటాడటండీ? ఏం చెప్పి పెట్టాడో మాత్రం లేదు. బహుశా ఏమీ చెప్పి ఉండడు."

ఆయన పైకి కేకేస్తే అమ్మ నా క్యారియరులో అన్నం, పప్పు, చారు తెచ్చింది. ఓదార్పు మాటలేవీ చెప్పకుండా గడప దగ్గర అవ్వ పక్కన చతికిలబడి, చారన్నం కలిపి పళ్ళెం ముందుకు జరిపింది. నా బిళ్ళ రేకులా పలచబడింది. అవ్వ ఒక ముద్ద తీసుకుంది. నమిలింది. రెండో ముద్ద నోటిదాకా వెళ్ళి ఆగింది.

"చారుల బెల్లమేందమ్మా? ఇది చారా, పాయసమా? రేపు పచ్చిపులుసు చేసి చూపిస్త, నేర్చుకో."

ఆ మాట వీధి చివరి ఇంటిదాకా వినిపించి ఉంటుంది. ఓనర్ తాత రుమాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. అవ్వ తిడుతూనే పళ్ళెం ఖాళీ చేసింది. అన్ని బహుమతులు గెలిచాను గానీ, ఆ క్యారియరును నిజంగా గెలిచింది ఆ రోజేననిపిస్తుంది.

ఇప్పుడూ నా హ్యాండ్‌బ్యాగులో పిప్పరమెంట్లు ఉంటాయి. ఆఫీసు క్యాంటీనులో కొత్తగా చేరిన పిల్లలు నా మతం గురించి అడగని ప్రశ్న లేదు. ఈ వయసులోనూ చెయ్యి లేవబోతుంది. గబుక్కున ఒక బిళ్ళ వేసుకుంటాను. మేడంకి గ్యాస్ ట్రబుల్ అనుకుని ఎవరో నా డెస్కు మీద వాముపొడి కూడా పెట్టి వెళ్ళారు.

మొన్న మా టీములో ఒకమ్మాయి నవ్వుతూ, "మేడం, ప్రార్థన చేస్తే నిజంగా పనైతదా?" అంది. దీనికి నా దగ్గర మంచి జవాబులే ఉన్నాయి. బిళ్ళ వేసుకున్నాను. లిఫ్టు కోసం నిలబడ్డాం. తలుపులు తెరుచుకునేసరికి ఆమె నవ్వు ఆగిపోయింది. "అమ్మ దవాఖానల ఉంది మేడం" అంది.

నోట్లో బిళ్ళ ఇంకా కొంచెం మిగిలే ఉంది. బుగ్గకు నెట్టి, "పొద్దున్నించి ఏమన్నా తిన్నావా?" అని మాత్రం అడిగాను.