దేవదానం గారి సిలాయ్

మా జిన్నింగు మిల్లులో బాయిలరు చూసే దేవదానం గారు ప్రభువు సన్నిధికి చేరినారని మొన్న మంగళవారం పత్తి మార్కెట్లో ఎవరో చెప్తే నేను నమ్మలేదు. ఆదోనిలో నమ్మరాని వార్తలు పుట్టించే పని నాది. నాకు తెలియకుండా ఇంత పెద్దది ఎవరు పుట్టించినారప్పా అని ఎదురు అడిగినాను కూడా. ఇంతలో మధ్యాహ్నం అయింది, మిల్లు కూత వినబడలేదు. కూత వేసేది ఆయనే. అప్పుడు నమ్మినాను. చేతిలోని తూనికరాయి కింద పెట్టి ఆయన ఇంటికి పోయినాను.

యౌవనంలో మద్రాసు రేవులో ఓడ ఎక్కి, కొలిమికి బొగ్గు వేస్తూ సముద్రాలు దాటి, ఫిలిప్పీను దీవుల్లో సిలాయ్ అనే చిన్న పట్టణం చేరి, అక్కడి చక్కెర మిల్లులో పదేళ్లు పాకం చూసి, యుద్ధం ముగిసినాక తిరిగి వచ్చిన అసామాన్యుడాయన. మిల్లు ఎదుటి టీ అంగట్లో ఆయన నోట ఆ పట్టణం ఆవిర్భవిస్తుంటే మేము గ్లాసులు చల్లారబెట్టుకొని వినేవాళ్లం. నడివీధిలో చెరుకు మోసే చిన్న రైలు. షావుకార్ల ఇండ్లు మొత్తం కొయ్యవి, మేడమీద కిటికీలకు అద్దాల బదులు ఆల్చిప్పలు. మనకు గాలిలో దూది ఎగిరినట్టు అక్కడ కాల్చిన చెరుకాకు మసి రాలుతుందట, ఆడవాళ్లు ఆరేసిన బట్టలకోసం పరుగెత్తుతారట. ఊరంతా ఒక్క మిల్లు కూతకు లేచి, ఒక్క మిల్లు కూతకు పడుకుంటుందట.

ఆయన మాత్రం టీలో చక్కెర వేసుకునేవాడు కాదు. ఎందుకని ఒకసారి అడిగినాను.

"చెరుకు అయిపోయి మిల్లు నిలిచిన నెలల్లో, అది నరికినోళ్లు ఉప్పుగంజి తాగడం సూసినా. అప్పట్నుంచి తీపి గొంతు దిగదప్పా" అన్నాడు.

ఇంతటి సత్యానికి నేను చేసిన ద్రోహం ఏమంటే, కలిపినాను. నాకది పుట్టుకతో వచ్చిన జబ్బు. సిలాయ్‌లో వానకు బదులు పానకం కురుస్తుందని, చీమలు పందికొక్కులంత ఉంటాయని, ఆయన లేనప్పుడు ఆయన పేరుమీదనే చెప్పినాను. ఊరు పగలబడి నవ్వింది. కొన్నాళ్లకు నా చీమలతో పాటు ఆయన రైలు, ఆయన మసి, ఆయన ఉప్పుగంజి కూడా అబద్ధాలైపోయినాయి. "నువ్వు కలపొద్దు వీరన్నా. నేను సూసింది సాలు" అని రెండుసార్లు బతిమాలినాడు. నేను మానలేదు.

కొత్త కాలువ నీళ్లు పారినాక ఎమ్మిగనూరులో మాకు తెలిసిన రంగారెడ్డి మొదటిసారి చెరుకు పెట్టి, వేడిబెల్లం తిందురు రండని మా ఇద్దరినీ పిలిచినాడు. పోయేసరికి పాకం చూసే మనిషి జ్వరంతో రాలేదు. పెనం పొంగుతా ఉంది. ముందు దించితే ముద్ద కట్టదు, ఆలస్యమైతే మాడుతుంది. రెడ్డి ముఖం తెల్లబోయింది. దేవదానం గారు చొక్కా చేతులు మడిచి, కుడిచెయ్యి చన్నీళ్ల కుండలో ముంచి, కుతకుత ఉడికే పాకంలో రెండు వేళ్లు పెట్టి, మళ్లీ నీళ్లలో ముంచినాడు. కన్నుమూసి తెరిచేలోపల అయిపోయింది. వేళ్లమధ్య ఉండ చేసి పెనం అంచుకు కొట్టి, ఆ చప్పుడు విన్నాడు. ఇంకా కాలేదన్నాడు. మూడోసారికి దింపమన్నాడు. చేతిమీద ఒక్క బొబ్బ లేదు. బెల్లం బంగారంలా గట్టిపడింది. అక్కడున్న వాళ్లు గుడిలో నిలబడినట్టు నిలబడిపోయినారు.

ఈ విద్య యాడ నేర్చినావని రెడ్డి అడిగినాడు. "సిలాయ్‌లో" అన్నాడాయన. అందరూ నా వైపు చూసినారు. అవునని నేను ఒక్క మాట అంటే చాలు. కానీ నా నాలుక ఊరుకోలేదు. "ఆడ బర్రెలు గూడా పాకమే ఇస్తాయంట" అన్నాను. నవ్వులే నవ్వులు. ఆయన చెయ్యి కడుక్కున్నాడు, అంతే.

తిరుగు బస్సులో ఆదోని కనబడింది. అప్పుడు, కోపం లేకుండానే ఆయన అన్నాడు:

"ఆ ఊరు నాకు కూడు పెట్టింది వీరన్నా. అది లేదంటే, నేను పదేండ్లు యాడ బతికినట్టు?"

మొన్న సమాధుల దొడ్డిలో ఆయనమీద మట్టి వేసినాక ఆయన భార్య మరియమ్మ నన్ను పక్కకు పిలిచింది. "ఆ ఊరు నిజంగా ఉందాన్నా?" అని అడిగింది.

"ఉందమ్మా."

"నువ్వు సెప్తే ఎట్ల నమ్మేది?"

ఆ మాట నాకు తగినదే. అయినా నాకు తెలిసింది చెప్పినాను. "అమ్మా, అబద్ధం సంగతి నాకంటే ఎరిగినోడు ఈ తాలూకాలో లేడు. అది చెప్పిన ప్రతిసారీ జానెడు పెరుగుతుంది. మీ ఆయన సిలాయ్ గురించి వందసార్లు చెప్పినాడు. ఆ రైలుకు ఒక్క పెట్టె ఎక్కువ కాలేదు."

ఆమె కొంగుతో కండ్లు తుడుచుకొని ఇంటికి పోయింది. నమ్మిందో లేదో నాకు తెలియదు.

దేవదానన్నా, నీవంటి సత్యవంతుడు ఈ ఊరికి మళ్లీ దొరకడు. ఇకమీద సిలాయ్ గురించి ఎవరు అడిగినా నువ్వు చూసినంతే చెప్తాను, ఒక్క చీమను కూడా కలపను. ఎవరూ నమ్మరు. నిజమని సాక్ష్యం చెప్పగలిగినవాణ్ణి మేమే మట్టిలో పెట్టి వచ్చినాము.