వంటవాడు కనిపించని యుద్ధాలు

యుద్ధం సినిమా మొదలై పది నిమిషాలు కాకముందే పక్కనున్న మనిషి నోరు తెరుస్తాడని ఆవిడకు ముప్పై నాలుగేళ్లుగా తెలుసు. తెలిసి తెలిసి ప్రతిసారీ ఆయన పక్కనే కూర్చుంటుంది, అదీ ఆవిడ ఖర్మ. తెరమీద హీరో మంచులో పాక్కుంటూ శత్రువు మీదికి వెళుతుంటాడు. జనం ఊపిరి బిగబట్టి చూస్తుంటారు. సరిగ్గా అప్పుడే ఈ మహానుభావుడు, "ఇంతకీ వీళ్లు ఏం తిన్నార్ట?" అంటాడు. ముందు వరసవాళ్లు తలలు తిప్పి చూస్తారు. ఆవిడ మోచేత్తో పొడుస్తుంది. ఆయన ఆగితే కదా!

"నాలుగు రోజుల్నించి కందకంలో ఉన్నార్ట. ఒక్క గిన్నె కనపడదు, ఒక్క పొయ్యి కనపడదు. గాలి భోంచేసి కాలుస్తున్నారా తుపాకులు?"

"మీరు నోరు మూసుకుంటే వాళ్ల తిప్పలేవో వాళ్లు పడతారు," అంటుంది ఆవిడ పళ్లు నూరుతూ.

ఆయన సైన్యంలో పద్దెనిమిదేళ్లు పనిచేశాడు. చేసింది వంట. చేరిన రెండో ఏడే యుద్ధం వచ్చింది, అప్పటికింకా పెళ్లి కాలేదు. బయటికొచ్చాక ఒక ఫ్యాక్టరీ క్యాంటీన్లో రిటైరయ్యేదాకా గరిటె తిప్పాడు. ఇందులో దాచుకోవలసింది ఏముంది? ఏమీ లేదు. అయినా దాచాడు. ఆరేళ్ల కిందట ఈ అపార్ట్‌మెంట్లో దిగిన రోజున సామాన్లలో నంబరు వేసిన ఇనప్పెట్టె చూసి వాచ్‌మన్, "మిలట్రీయా సార్?" అని అడిగాడు. ఈయన "ఊఁ" అన్నాడు. ఆ ఒక్క ఊఁతో సాయంత్రానికల్లా కెప్టెన్ గారైపోయాడు. అప్పట్నించీ పిల్లలు సెల్యూట్లు కొడతారు, పెద్దవాళ్లు లిఫ్టు తలుపు పట్టుకుని నిలబడతారు. కర్టెన్లు కుట్టి ఇల్లు గడుపుకొచ్చిన ఆవిడ మాత్రం, ఎవరింటికి కొలతలకు వెళ్లినా "కెప్టెన్ గారి భార్య" అనిపించుకుని తల దించుకుని టేపు పట్టుకోవలసి వస్తోంది.

"ఒక్కసారి చెప్పేయండి, పీడా పోతుంది," అని ఆవిడ ఎన్నిసార్లు మొత్తుకుందో లెక్కలేదు.

"కెప్టెన్‌నని నేనెప్పుడన్నా? వాళ్లనుకుంటే నేనేం చేసేది?" అనేవాడు ఆయన, ఆ పిలుపుకి పలుకుతూనే.

మూడో అంతస్తులో ఉండే రిటైర్డు బ్యాంకు మేనేజరు నెలకో ఆదివారం మధ్యాహ్నం కింద మీటింగు గదిలో పాత సినిమా వేస్తుంటాడు. ఈ నెల లిఫ్టులో కాగితం అంటించాడు: 'పాత యుద్ధ చిత్రాలు ఎందుకు గుర్తుండిపోతాయి? చివరగా, యుద్ధం చేసిన మన కెప్టెన్ గారి మాటలు.' ఆ కాగితం చదివాక ఆవిడకు ఒళ్లు మండిపోయింది. ఇన్నాళ్లూ ఊఁతో సరిపెట్టాడు సరే, ఇప్పుడు నలభైమంది ముందు నిలబడి నోటితో అబద్ధమాడతాడా? రేపు నిజం బయటపడితే ఈ మెట్లమీద తలెత్తుకుని నడిచేదెలా?

"మీరే లేచి వంటవాణ్ణని చెప్తారా, నన్ను లేచి చెప్పమంటారా?" అని అడిగేసింది. ఆయన బూట్లకు పాలిష్ పెడుతూనే ఉన్నాడు. పైగా ఇస్త్రీ చొక్కా అడిగాడు. ఆవిడ చొక్కా విసిరికొట్టింది.

మేనేజరు అలవాటు ప్రకారం ఎక్కువసేపే మాట్లాడాడు. తనకెప్పుడూ గుర్తుండేది దాడికి ముందు వచ్చే నిశ్శబ్దమేనని, ఇప్పటి సినిమాల్లో చప్పుడు తప్ప ఏమీ లేదని తేల్చాడు. రెండో అంతస్తు దంతవైద్యురాలికి ఉత్తరాలు చదివే సీన్లంటే ప్రాణమట, చదివేవాడు చనిపోతాడని ముందే తెలిసినా ఏడుపు ఆగదట. తర్వాత సినిమా వేశారు. నలుపు తెలుపుల సినిమా, మంచు, కందకం, కుర్ర అధికారి. ఆఖర్లో అందరూ ఒక్కసారిగా పరుగు తీశారు, సగంమందే మిగిలారు. గదిలో ముక్కులు చీదిన శబ్దాలు. ఆశ్చర్యం, ఈయన ఒక్క ముక్క మాట్లాడలేదు. ఆవిడకు భయమేసింది.

"కెప్టెన్ గారూ, రండి రండి," అన్నాడు మేనేజరు. చప్పట్లు కొట్టారు.

ఆయన లేచి వెళ్లి, "మధ్యలో కందకం సీనొకటుంది, అది మళ్లీ వెయ్యండి," అన్నాడు. మేనేజరు విసుక్కుంటూ వెనక్కి తిప్పాడు. అధికారి మ్యాపు చూస్తున్నాడు. అతని వెనకాల వీపుమీద డబ్బా మోస్తూ ఒకడు వంగి నడిచి వెళ్లాడు. రెండు సెకన్లు, మొహం కూడా కనపడదు.

"ఆపండి. వీడు."

"ఎవరండీ వీడు?" అంది దంతవైద్యురాలు.

"వంటవాడు. నేనూ వాడే. నేను కెప్టెన్ని కాదు. ఎప్పుడూ తుపాకీ కాల్చలేదు."

గదిలో గుసగుసలు మొదలయ్యాయి. ఎవరో కిసుక్కున నవ్వారు. మేనేజరు తన కాగితం వంక చూసుకున్నాడు. ఆవిడ కోరుకున్నది ఇదే కదా, అయినా ఆ నవ్విందెవరో లేచి చూసి నాలుగు పెట్టాలనిపించింది.

"ముందురోజు సాయంత్రం చీటీ వచ్చేది, ఎంతమందికి వండాలో," అన్నాడాయన. "ఆ రోజు నలభై ఆరు అని ఉంది. తలా రెండు రొట్టెల చొప్పున కాల్చాను. తెల్లారి కొండమీంచి దిగొచ్చింది ఇరవై తొమ్మిదిమంది. నేను కేకలేశాను. మిగతా పదిహేడుమందికీ ఒళ్లు బలిసిందా, వేళకి రారు, చల్లారితే మళ్లీ నన్నే అంటారు అని తిట్టాను. ఎవరూ మాట్లాడలేదు. పొగరనుకున్నాను. వాళ్లొస్తారని టీ డబ్బా పొయ్యి మీదే ఉంచి మధ్యాహ్నం దాకా కట్టెలు ఎగదోస్తూనే ఉన్నాను, తిడుతూనే ఉన్నాను. చివరికి వాళ్ల పెద్దాయన వచ్చి తన చేత్తోనే డబ్బా దించేశాడు. అప్పుడర్థమైంది నాకు." తెరమీద ఆగిన బొమ్మవైపు వేలు చూపించాడు. "మీ సినిమాలన్నీ బాగుంటాయి. పడిపోవడం చూపిస్తారు. రొట్టెలు మిగిలిపోవడం చూపించరు."

ఆయన వచ్చి కూర్చున్నాడు. చప్పట్లు కొట్టాలో వద్దో ఎవరికీ తెలియలేదు. మేనేజరు ప్రొజెక్టరు కట్టేశాడు.

ఇద్దరూ లిఫ్టెక్కకుండా మెట్లమీంచే వెళ్లారు. మొదటి అంతస్తు దాకా ఆవిడ గబగబా ముందు నడిచింది. తర్వాత ఆగలేకపోయింది.

"ముప్పై నాలుగేళ్లు కాపురం చేశాను మీతో. ఊళ్లోవాళ్లందరికీ చెప్పాక, వాళ్లతోపాటు నేను వినాలా? నాకొక్కదానికి ముందు చెప్తే నోరు పడిపోతుందా?"

"నీకు చెప్తే ఊరుకోవుగా. ఇంకోటి అడుగుతావు."

"ఏం అడుగుతాను?"

ఆయన రెయిలింగు పట్టుకుని నిలబడిపోయాడు. ఆవిడకు చిర్రెత్తుకొచ్చింది. ఈ మనిషి ఏదైనా సగం చెప్పి వదిలేసే రకమే, నూరేళ్లూ ఇంతే. అడక్కూడదనుకుంటూనే అడిగింది.

"ఆ రొట్టెలేం చేశారు?"

"ముప్పై నాలుగు మిగిలాయి. వచ్చినవాళ్లకి తలా ఇంకోటి పెట్టాను. వద్దని ఒక్కడూ అనలేదు." ఆయన ఆవిడ వైపు చూడలేదు. "తక్కిన ఐదూ నేను తిన్నాను. ఆకలేసింది. బాగున్నాయి కూడా."