వేయించిన ధనియాల మడి

మొన్న ఆదివారం మా మామ ముందర నా పరువు ఎట్లా పోయిందో చెప్తా, టీ తాగుతూ వినండి. నవ్వితే నవ్వండి, నాకేం బాధ లేదు.

మా ఆవిడ కరుణ కడుపుతో ఉంది కదా. వేవిళ్లు తగ్గినాక ఒకటే కోరిక! రుద్రవరంలో వాళ్ల నాయన చలికాలంలో పెంచే కొత్తిమీర కావాలంట, అప్పటికప్పుడు కోసి నూరిన పచ్చడి తినాలంట. "అంగట్లో తెస్తాలే" అంటే, "అది వాడిపోయింటాది" అని మొహం తిప్పుకుంది. నాకు పౌరుషం వచ్చింది. మన నంద్యాల నల్లరేగడిలో నీళ్లు నిలుస్తాయి, ఎత్తు మడి కట్టాల్సిందే. బెల్‌బాటం ప్యాంటు పైకి మడిచి, పెరట్లో మట్టి ఎగదోసి, చుట్టూ ఇటుకలు పేర్చి, ఇసుక, పేడ ఎరువు, పొయ్యి బూడిద కలిపినా. నడుం పడిపోయింది!

వంటింట్లోకి పోతే చేటలో ధనియాలు. నా కోసమే పెట్టిందనుకున్నా. వాటిని రెండు బద్దలు చేసి వేయాలని కూడా తెలుసు, నన్ను ఊరికే అనుకున్నారా! ఇటుకతో నలిపి మడంతా చల్లేసినా.

"చేటలో ధనియాలు యాడ?" అంటూ కరుణ వచ్చింది.

"మడిలో! నీ కోసమే!"

"అన్నీనా?"

"ఒక్కటి గూడ మిగల్చలేదు!"

కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కళ్లల్లో నీళ్లు తిరిగినాయి. పాపం, ప్రేమతో అనుకున్నా.

రోజూ పొద్దున్నే మఫ్లరు చుట్టుకుని, ముక్కు చీదుకుంటూ నీళ్లు చల్లినా. ఎన్నాళ్లు చూసినా మొలక లేదు. ఒకరోజు లేచి చూస్తే పచ్చగా వచ్చేసినాయి! నా హస్తవాసి అని స్టాఫ్‌రూంలో మీకందరికీ కోతలు కోసింది అప్పుడే.

అది కోతకొచ్చినాక, మొన్న ఆదివారం చర్చి అయినాక మామ వచ్చినాడు. మడి ముందర గొంతుక్కూర్చున్నాడు.

"బాగుందప్పా. గింజ ఎట్ల ఏసినావ్?"

"చల్లినా మామా."

"చల్లితే ఇట్ల సాలుకు సాలు వరసగా లేచ్చాయా?"

నేనూ అప్పుడే చూసినా. తాడు పట్టి గీసినట్టు వరసలు! గుమ్మంలో కరుణ పడీ పడీ నవ్వుతాంది.

"నాయనా, ఈయప్ప చల్లింది చారుపొడికి నేను ఏయించి పెట్టిన ధనియాలు! జలుబులో వాసన గూడ తెలీలేదు. నీళ్లు పోస్తాంటే మడంతా చారు వాసన!"

"ఇంక రొన్ని ఎండుమిరపకాయలు గూడ ఏసింటే, పొడే మొలిచిండేది గదప్పా!" అన్నాడు మామ.

"మరి ఇవి ఎవరు వేసినారు?" అన్నా.

"నేనే, నువ్వు బడికి పోయినాక, డబ్బాలో ఉన్న పచ్చి ధనియాలు. పొద్దున్నే మడిని చూసి నువ్వు చిన్నబోతాంటే నాకు పాణం ఉసూరుమనింది."

అంత కడుపుతో వంగి, వేలితో గీతలు గీసి, గింజలు పెట్టి! కోప్పడదామనుకున్నా, కోపమే రాలేదు. ఇట్లాంటి మనిషిని నాకిచ్చినందుకు మామకు దండం పెట్టాలనిపించింది.

మధ్యాహ్నం జొన్నరొట్టె, కొత్తిమీర పచ్చడి. అన్నాళ్లు ఆశపడిన మనిషి, "తిను, నీ పంటే" అని మొదటి ముక్క నాకే పెట్టింది.

సరే, బెల్లు కొట్టినారు, పోవాల. ఏడో తరగతికి సైన్సు పీరియడు. ఏం పాఠమా? విత్తనాలు మొలకెత్తుట!