గరాజ్ ఫ్రిజ్‌లో ఊరిన మాంసం

మా నాయన చేసే కార్న్డ్ బీఫ్‌కు ఎనిమిది రోజులు పట్టేది. ఏడు రోజులు ఉప్పునీళ్ళలో ఊరాలి. ఎనిమిదో రోజు పొద్దున్నుంచి సాయంత్రం దాకా స్లో కుక్కర్‌లో ఉడకాలి. మేము వలస వచ్చిన ఈ దేశంలో ఎవరూ ఇంత అవస్థ పడరు. ముందే ఊరబెట్టిన ముక్క సూపర్‌మార్కెట్‌లో దొరుకుతుంది, తెచ్చి కుక్కర్‌లో వేసి పనికి వెళ్ళిపోతారు. అది హలాల్ కాదు కాబట్టి మాకు పనికిరాదు. మేము కొనే హలాల్ షాపులో పచ్చి మాంసమే ఉంటుంది. అందుకని నాయన ఊరబెట్టడం దగ్గర్నుంచీ మొదలుపెట్టేవాడు.

మాది నంద్యాల దగ్గర దూదేకుల కుటుంబం. ఇంట్లో మాట్లాడేది తెలుగే. మేముండే పియారా వాటర్స్ పేటలో మాకు తెలిసిన హైదరాబాదు ఆంటీలు అమ్మతో ఉర్దూలో మొదలుపెట్టి, రెండు మాటలయ్యాక ఇంగ్లీషులోకి మారిపోతారు. మేము వచ్చినప్పుడు నాకు పదకొండేళ్ళు. తెలుగు మరిచిపోతానని నాయనకు బెంగ. ఒక నోటుపుస్తకం చేతికిచ్చి రోజుకు నాలుగు వాక్యాలు రాయమన్నాడు. ఏం రాయాలంటే, "ఏమైతే అది రాయి. నేను చదవను లే" అన్నాడు. నిజంగానే ఎప్పుడూ చదవలేదు. ఆ అలవాటు ఇప్పటికీ పోలేదు. నలుగురిలో నోరు పెగలని దాన్ని, కాగితం మీద మాత్రం బాగానే మాట్లాడతాను.

నాయన ఎలక్ట్రీషియన్. వచ్చిన కొత్తలో ఆరేళ్ళు ఉత్తరాన ఇనుప గనుల్లో పనిచేశాడు. రెండు వారాలు అక్కడ, ఒక వారం ఇంట్లో. గని క్యాంపు మెస్సులో ప్రతి గురువారం కార్న్డ్ బీఫ్ పెట్టేవారట. నాయన తినేవాడు కాదు. రొట్టె, ఉడకేసిన గుడ్లు, కూరగాయలు పళ్ళెంలో పెట్టుకొని, ఆ పెద్ద పాత్ర ముందు మాత్రం కాసేపు నిలబడేవాడట. ఒకరోజు వంటాయన పట్టుకున్నాడు. ఆ ముచ్చటను నాయన మాకు మా ఊరి మాటల్లోనే చెప్పేవాడు, ఆ వంటాయన నంద్యాల బజారులో పుట్టినట్టు.

"ఏందయ్యా, వారం వారం వచ్చి వాసన చూసి పోతాండావు. ఇదేమన్నా పూలంగడా? తినరాదూ?"

"మా మతంలో కోసే పద్ధతి వేరయ్యా, ఇది తినకూడదు."

"అయితే నీ మాంసం నువ్వే తెచ్చుకొని చేసుకో. నేను చెప్తా, రాసుకో."

అలా రాసుకొచ్చిన కాగితం మా వంటింటి డ్రాయర్లో ఇప్పటికీ ఉంది. లీటరు నీళ్ళకు ఉప్పెంత, బెల్లం రంగు చక్కెరెంత, మాంసానికి గులాబీ రంగు నిలబెట్టే ఉప్పు ఎన్ని గ్రాములు, మిరియాలు, లవంగాలు, బిర్యానీ ఆకు. అన్నిటికన్నా కింద, రెండు గీతలు గీసి: రోజూ తిప్పాలి.

"అసలుది నోట్లో పెట్టకుండానే ఇదే ఆ రుచి అని ఎట్ల చెప్తావు?" అని అమ్మ వెక్కిరించేది.

"ముక్కు చెప్తాంది."

"ఆహా. ముక్కుతో వంట చేసే మొగోన్ని నేనే చేసుకున్నా."

ముక్క పెద్దది, మా డబ్బా చిన్నది. ఎంత ఉప్పునీళ్ళు పోసినా మాంసం వీపు ఒకటి పైకి తేలి ఉండేది. అందుకే తిప్పడం. గరాజ్‌లో ఒక పాత ఫ్రిజ్ ఉంది, అందులో పెట్టి నాయన రోజూ తెల్లవారుజామున ఫజర్ నమాజు అయ్యాక వెళ్ళి తిప్పి వచ్చేవాడు. ఎనిమిదో రోజు ఉల్లిగడ్డలు, క్యారెట్లు, కాస్త వెనిగర్ వేసి స్లో కుక్కర్ మూత పెడితే మధ్యాహ్నానికి ఇల్లంతా లవంగాల వాసన. అమ్మ ముక్కు మూసుకొని కిటికీలన్నీ తెరిచేది. "నా బట్టలన్నీ మిలిటరీ హోటల్ వాసన కొడ్తాండాయి. పిల్లోళ్ళ బడికి ఎట్ల పోవాల?" అమ్మ చైల్డ్‌కేర్‌లో పనిచేస్తుంది. సాయంత్రం నాయన మొదటి ముక్క పలచగా కోసి, ఫోర్కుకు గుచ్చి, వంటింటి కిటికీ వెలుతురుకు ఎత్తిపట్టి చూసేవాడు. ఈ అంచు నుంచి ఆ అంచు దాకా గులాబీ రంగే ఉండాలి. మధ్యలో ఎక్కడైనా బూడిద రంగు ఉంటే ఉప్పు అక్కడికి పోలేదని లెక్క. ఎప్పుడూ లేదు.

నాలుగేళ్ళ కిందట నాయన కిడ్నీలు పాడయ్యాయి. వారానికి మూడు రోజులు డయాలిసిస్. ఉప్పు పూర్తిగా మానేయమన్నారు. ఆ తర్వాత మొదటిసారి మాంసం ఊరబెడుతుంటే అమ్మ కోప్పడింది. నాయన నవ్వి, "మళ్ళా వాసన చూసే ఉద్యోగమే వచ్చింది నాకు. అలవాటున్న పనే లే" అన్నాడు. మాకు కోసి పెట్టి, తను ఉప్పులేని ఆలుగడ్డ ముద్ద తినేవాడు.

ఈ చలికాలం ఒక శనివారం ఆఖరిసారి ఊరబెట్టాడు. చేతులు వణుకుతున్నాయి. త్రాసు మీద ఉప్పు పోస్తూ ఆగుతున్నాడు, మళ్ళీ పోస్తున్నాడు. ఎవరో తమ ఇంటికి భోజనానికి పిలిచారు, అమ్మ తయారై చేతిలో కారు తాళం పట్టుకొని నిలబడి ఉంది.

"తినే రాత లేనోనికి ఇదంతా యాల? బిరీన కానీ. ఆడ వాళ్ళు కాచుకోనుంటారు."

"అయిపాయె, అయిపాయె."

ఆదివారం, సోమవారం తనే తిప్పాడు. మంగళవారం డయాలిసిస్ మధ్యలో బీపీ పడిపోయింది. అక్కడి నుంచే ఆసుపత్రిలో చేర్చారు. సాయంత్రం నేను వెళ్ళేసరికి మంచం తల వైపు కాస్త ఎత్తి కూర్చోబెట్టి ఉన్నారు. అమ్మ కిందికి టీకి వెళ్ళింది. నన్ను చూడగానే నాయన అన్న మొదటి మాట, "పాపా, గరాజ్‌లోది నువ్వు తిప్పాల. మర్చిపోవు గదా?"

"మర్చిపోను నాయనా."

మర్చిపోయాను.

నేను ఒక మందుల షాపులో వెనక గదిలో పనిచేస్తాను. ముసలివాళ్ళకు వారానికి సరిపడా మాత్రలను రోజుకొక గడిలో, పూటకొక గడిలో సర్ది అతికించే పని. గడి తప్పితే ప్రమాదం. ఇన్నేళ్ళలో నా చేతి కింద ఒక్క మాత్ర తప్పుగా పడలేదు. పనిలేని నిమిషాల్లో సొరుగులో దాచుకున్న నవల తీసి చదువుకుంటాను, అయినా గడి తప్పలేదు. అలాంటి దాన్ని రోజుకొకసారి ఒక డబ్బా మూత తీసి మాంసం బోర్లించడం మర్చిపోయాను.

బుధవారం సాయంత్రం నాయన అడిగాడు. "తిప్పినావా?"

ఆ క్షణం దాకా అది నా తలలోనే లేదు. లేదు నాయనా, ఇంటికి పోగానే తిప్పుతా అంటే సరిపోయేది. కానీ ఆయన కళ్ళు నా మీదే ఉన్నాయి.

"తిప్పినా" అన్నాను.

"నీళ్ళు మబ్బుగా ఉన్నాయా, తేటగా ఉన్నాయా?"

"తేటగానే ఉన్నాయి."

"మంచిది" అని కళ్ళు మూసుకున్నాడు.

ఇంటికి రాగానే తిప్పాలనుకున్నాను. బయలుదేరే ముందు డాక్టరు అమ్మను, నన్ను వరండాలోకి పిలిచింది. గుండె బలహీనంగా ఉందనీ, డయాలిసిస్‌కు ఇక తట్టుకోలేకపోవచ్చనీ మెల్లగా చెప్పింది. ఆ తర్వాత కారు ఎలా నడిపానో నాకు గుర్తులేదు. గరాజ్‌లోనే కారు ఆపాను. ఫ్రిజ్ పక్కనుంచే నడిచి ఇంట్లోకి వెళ్ళాను.

గురువారం మళ్ళీ అడిగాడు. మళ్ళీ అదే చెప్పాను. ఈసారి గుర్తుండే చెప్పాను. లేదంటే నిన్నటి మాట అబద్ధమని ఒప్పుకోవాల్సి వస్తుందని అలా చెప్పాను. పొద్దున ఫ్రిజ్ దాకా వెళ్ళి, తలుపు మీద చెయ్యి వేసి, తీయలేక తిరిగొచ్చాను. ఎందుకు తీయలేకపోయానో ఆ రోజు డైరీలో రాసుకోవడానికి ప్రయత్నించాను. అదొక్కటీ నాకు రాయడానికి రాలేదు.

శుక్రవారం జుమా నమాజు వేళకు నాయన పోయాడు. అమ్మ ఒక చెయ్యి, నేను ఒక చెయ్యి పట్టుకొని ఉన్నాం.

శనివారం ఖననం. చావు ఇంట్లో మూడు రోజులు పొయ్యి వెలిగించరు. చుట్టుపక్కల వాళ్ళే అన్నం తెచ్చి పెడతారు. ఉర్దూలో రెండు మాటలకే ఆగిపోయే ఆంటీలు ఆ మూడు రోజులూ మా వంటిల్లు నింపేశారు. బిర్యానీ ట్రేలు, దాల్చా, ఉడికిన గుడ్లు. మూడో రోజు జియారత్ ప్రార్థనలు అయ్యి అందరూ వెళ్ళాక, మిగిలిన ట్రేలు పెట్టడానికి చోటు లేక అమ్మ గరాజ్‌లోకి వెళ్ళింది. ఎంతసేపటికీ రాలేదు. నేను వెళ్ళేసరికి పాత ఫ్రిజ్ తలుపు తెరిచి పట్టుకొని, లోపలి దీపం వెలుగులో నిలబడి ఉంది.

"మీ నాయన చెయ్యి పెట్టింది ఇదొకటి మిగిలిండాది" అంది.

"చాలా రోజులైందమ్మా. పారేస్తా ఇటియ్యి."

"యాల పారేస్తావు?" అమ్మ మూత తీసి వాసన చూసింది. ముక్కుతో వంట చేసేవాడి పెళ్ళాం కదా, ఆమెకూ పట్టుబడింది. "బాగానే ఉంది. నువ్వు రోజూ తిప్పుతాండావని చెప్పినాడు. ఆ ఆక్సిజన్ మాస్కు పక్కకు తీసి మరీ చెప్పినాడు, పాప తిప్పుతాంది, పాప మర్చిపోదు అని. రేపు వండుదాం."

అప్పుడు చెప్పి ఉండాల్సింది. నాకు చెప్పడం ఎప్పుడూ ఒక రోజు ఆలస్యంగానే వస్తుంది.

మంగళవారం ఫజర్ తర్వాత నేనే మాంసం కడిగి, మంచినీళ్ళలో కాసేపు నానబెట్టి, నాయన కాగితంలో ఉన్నట్టే అన్నీ వేసి స్లో కుక్కర్ మూత పెట్టాను. ఎత్తేటప్పుడు చూశాను. నీళ్ళపైన ఉండిపోయిన వీపు రంగు వేరుగా, గోధుమగా ఉంది. ఆ వైపు కిందికి వచ్చేలా పెట్టాను, అలా పెడితే ఏమైనా మారుతుందన్నట్టు. ఆ కుక్కర్‌కు గాజు మూత. రోజంతా దాని మీద ఆవిరి చుక్కలు కట్టి జారుతుంటే, సోఫాలో కూర్చొని వాటినే చూశాను. మధ్యాహ్నానికి లవంగాల వాసన వచ్చింది. అమ్మ లేచి కిటికీల దగ్గరికి వెళ్తుందని చూశాను. వెళ్ళలేదు. నాయన కుర్చీ పక్కన కింద కూర్చొని, గోడకు తల ఆనించి, ఆ వాసన పీలుస్తూ ఉండిపోయింది.

సాయంత్రం అమ్మే కోసింది. మొదటి ముక్కను ఫోర్కుకు గుచ్చి, నాయన ఎత్తినట్టే కిటికీకి ఎత్తింది. మూడు అంచుల్లో గులాబీ రంగు. ఒక పక్క నుంచి మధ్య దాకా అరచేయంత బూడిద రంగు.

అమ్మ ఇంకో ముక్క కోసింది. మరొకటి కోసింది. అన్నిటిలోనూ అదే మచ్చ.

"ఉప్పు తక్కువైంది" అంది. "మీ నాయన ఏ దినమూ తూకం తప్పలేదు. ఆ పొద్దు చేతులు వణుకుతాంటే నేను చూస్తానే ఉన్నా. నిలబడి పట్టుకోవాల్సిన దాన్ని, కారు తాళం ఊపుకుంటా బిరీన కానీ, బిరీన కానీ అంటి. తినే రాత లేదంటి. ఆఖరికి ఆయన చేత తప్పు చేయిస్తి."

చేతిలో ఫోర్కు అలాగే ఉంది. ముక్క నుంచి నీళ్ళు కారి మోచేతి దాకా పోతున్నాయి. అమ్మ తుడుచుకోలేదు. జీవితాంతం ఈ మాట మోస్తుందని నాకు తెలిసిపోయింది. ఒకసారి పట్టుకుంటే వదిలే మనిషి కాదు.

"ఉప్పు సరిగ్గానే వేసినాడమ్మా" అన్నాను. "నేను తిప్పలేదు."

అమ్మ నావైపు తిరిగింది.

"ఒక్క దినమూ తిప్పలేదు. మర్చిపోయినా. తర్వాత గుర్తొచ్చినా తిప్పలేదు."

"తిప్పినా అని చెప్పినావంట కదా?"

"చెప్పినా."

"ఎన్నిసార్లు?"

"రెండుసార్లు."

అమ్మ ఫోర్కును పళ్ళెంలో పెట్టింది. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండు అనుకున్నాను. "రెండుసార్లూ నమ్మినాడు" అంది. నన్ను అన్నట్టు లేదు, తనలో తను అనుకున్నట్టు ఉంది. "నాకు చెప్తా ఎంత మురిసిపోయినాడో."



అమ్మ కుర్చీలో కూర్చుంది. మోచెయ్యి తుడుచుకుంది. "ఆయన తూకం తప్పలేదు కదా?" అని అడిగింది, చిన్నపిల్లను అడిగినట్టు.

"తప్పలేదమ్మా. గులాబీ ఉన్నకాడ తిని చూడు."

అంచు నుంచి కొంచెం తుంచి నోట్లో పెట్టుకుంది. మెల్లగా నమిలింది. తల ఊపింది. తర్వాత అన్ని ముక్కల్లోనూ గులాబీ భాగం కత్తితో వేరు చేసి, ఒక పక్కన పేర్చి, నా పళ్ళెంలోకి తోయబోయింది. నేను పళ్ళెం వెనక్కి లాక్కొని బూడిద రంగు ముక్కలు తీసుకున్నాను. అమ్మ వద్దనలేదు. ఉప్పు లేదు, లవంగం లేదు, ఉట్టి నీళ్ళలో ఉడికిన మాంసంలా ఉంది. నాలుగేళ్ళు నాయన తిన్న ఆలుగడ్డ ముద్ద కూడా ఇలాగే ఉండి ఉంటుంది.

మొత్తం తిన్నాను. అమ్మ నా ఎదురుగానే కూర్చొని తన పళ్ళెంలోవి తింది. కిటికీలన్నీ మూసే ఉన్నాయి. మర్నాడు చైల్డ్‌కేర్‌కు వెళ్ళేటప్పుడు అమ్మ తలకు కట్టుకున్న దుపట్టాలో ఆ వాసన ఇంకా ఉంది. అమ్మ దాన్ని మార్చుకోలేదు.