నేను పూసిన నీలం రంగు

ఈ ఉదయం నా షాపులో నీలం పెయింటు డబ్బా మూత తీయగానే, ఆ ఘాటు వాసనకు సూర్యారావు గారు గుర్తొచ్చారు. ఎప్పుడు గుర్తొచ్చినా నాకు సిగ్గుతో తల వాలిపోతుంది.

రాజమండ్రిలో ఆయన వెల్డింగ్ షాపులో మూడేళ్లు పనిచేశాను. చేతిలో డిప్లొమా, దానికి రెండింతల పొగరు. 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలులో క్రోమియం, నికెల్ ఉంటాయనీ, 316లో వాటికి తోడు కాస్త మాలిబ్డినం ఉంటుందనీ, ఉప్పునీటిని తట్టుకునేది అందువల్లేననీ నేను పుస్తకాల్లో చదివాను. చూపుకి రెండూ ఒకటేననీ, అయస్కాంతం పెట్టి తేడా కనిపెట్టలేమనీ నేర్పింది మాత్రం ఆయనే. అందుకే 316 కడ్డీ రాగానే ఒక కొసకు నీలం రంగు చుట్టూ తిప్పి పూసేవారు. కోయడం ఎప్పుడూ రెండో కొస నుంచే.

"రంగున్న వైపు కోశారంటే మిగిలిన ముక్కకి పేరుండదండి. పేరు లేని ముక్క పడవకి పోకూడదు," అనేవారు. నాలాంటి కుర్రవాణ్ణి కూడా 'అండి' అనే పిలిచేవారు.

అంతర్వేది వైపు నుంచి వచ్చిన పోలయ్య గారు తన వేట పడవకు రెయిలింగ్ చేయమన్నారు. దానికోసం తెచ్చిన కడ్డీని, సూర్యారావు గారు తుని వెళ్లిన రోజున, వేరే పనికోసం తొందరలో రంగున్న వైపే కోసేశాను. మిగిలింది 304 కడ్డీల్లో కలిసిపోయింది. ఏది ఏదో తెలియలేదు. ఆ మాట చెప్పడానికి నామోషీ. చేతికందిన కడ్డీకి గబగబా నీలం పూసి పెట్టాను. ఆయన తిరిగొచ్చి, కొసన నీలం కనిపించగానే నమ్మి రెయిలింగ్ కట్టారు.

రెండు వర్షాకాలాలు గడిచాక పోలయ్య గారు విరిగిన ముక్క తెచ్చి బల్ల మీద పెట్టారు. విరిగిన చోట తుప్పు గుంటలు.

"వల లాగుతుంటే ఇరిగిపోయిందండి మేస్త్రి గారూ. మా తమ్ముడు సముద్రంలో పడ్డాడు. ఎలాగో ప్రాణాలతో దొరికాడు. ఏంటండి ఇది, ఉప్పుకి తట్టుకుంటాదన్నారు కదా?"

సూర్యారావు గారు మూలనున్న మిగులు కడ్డీ తీసి చూశారు. కొసన ఒకవైపే, కారిపోయిన నీలం. అది ఆయన చేతి పని కాదు. నా వంక చూశారు. నేను నేల చూపులు చూశాను.

"తప్పు నాదేనండి. రంగు పూసింది నేనే," అన్నారు.

పోలయ్య గారు వెళ్లాక నాతో మెల్లగా, "తెలీకపోతే తెలీదని చెప్పొచ్చు కదండి. నేనేమన్నా కొడతానా?" అన్నారు. నేను చీపురు తీసి నేల ఊడవడం మొదలుపెట్టాను. ఆ తర్వాత అటువైపు పడవలు మా షాపుకి రాలేదు. ఆయన పోయి కూడా చాలా కాలమైంది.

ఇప్పుడు పేరు తెలియని ముక్క ఒక్కటి కూడా నా షాపు నుంచి పడవకు పోదు. రంగు చుట్టూ తిప్పే పూస్తాను. అయినా ఏం లాభం? ఇవాళ అంతర్వేది నుంచి వచ్చిన పడవాయన నా పని చూస్తూ, "ఇదివరకు రాజమండ్రిలో సూర్యారావని ఉండేవాడండి. తప్పుడు స్టీలు వేసి మనిషిని ముంచబోయాడు," అన్నాడు.

బ్రష్ నా చేతిలోనే ఉంది. "అలాగా అండి," అని మళ్లీ డబ్బాలో ముంచాను.