తాళం రంధ్రంలో కుంకుమ

మా చిన్నాయన నాగర్‌కర్నూల్ దవాఖానలో పోయాడని ఫోన్ వచ్చినప్పుడు నేను పల్లి విత్తనానికి మందు పట్టిస్తున్నాను. సరే అన్నాను. మిగిలిన విత్తనానికి కూడా పట్టించి, చేతులు కడుక్కుని, చీర మార్చుకుని బయల్దేరాను. ఆయన్ను ఇంటికి తెచ్చేసరికి మధ్యాహ్నమైంది. అందరూ ఏడ్చారు. నాకు రాలేదు. నా మీద నాకే కోపం వచ్చింది గానీ ఏడుపు మాత్రం రాలేదు.

ఆయన మా నాన్నకు తమ్ముడు. వయసులో ఉన్నప్పుడు కాలువ పనుల్లో మట్టి మోయడానికి కర్ణాటక పోయి, అక్కడ యంత్రాలు బాగు చేయడం చూసి చూసి నేర్చుకున్నాడు. తిరిగొచ్చి తిమ్మాజిపేట దారిలో రేకుల షెడ్డు వేసుకున్నాడు. దానికి బోర్డు కూడా లేదు. ఆడది ట్రాక్టర్ తోలడమేందని ఊరంతా నవ్వుతుంటే నన్ను సీటు మీద కూర్చోబెట్టింది ఆయనే. మాట తక్కువ మనిషి. ఏ బండి వచ్చినా ముందు దాని చుట్టూ ఒకసారి తిరిగేవాడు, ఆ తర్వాతే ఏమైందని అడిగేవాడు. రైతు చెప్పేది సగం అబద్ధమని తెలిసినా చివరిదాకా వినేవాడు.

ఏటా దసరా వెళ్లిన వారం షెడ్డులో పనితో ఆయనకు ఊపిరి సలిపేది కాదు. ట్రాక్టర్ ఉన్నవాళ్లకు చెప్పనక్కర్లేదు, పూజ రోజు బండిలో కనిపించిన ప్రతిదానికీ బొట్టు పెడతాం. స్టీరింగుకు, లైట్లకు, చివరికి తాళం పెట్టే రంధ్రానికి కూడా. ఆ కుంకుమ లోపలికి పోతుంది. తాళంచెవి బిగుసుకుంటే మన తెలివికొద్దీ అందులో ఇంత నూనె పోస్తాం. నేనూ పోశాను. రెండేళ్ల కింద ఒక పొద్దున బండి స్టార్టయింది గానీ తాళంచెవి వెనక్కి రాలేదు. సెల్ఫ్ మోటారు తిరుగుతూనే ఉంది, కాలిన వాసన మొదలైంది. రెండిళ్ల అవతల ఉండే చిన్నాయన పరుగెత్తుకొచ్చి ఇంజిన్ ఆపి, బ్యాటరీ వైరు ఊడబీకాడు.

తిట్టలేదు. స్విచ్ విప్పి, లోపలున్న ఎర్రటి జిగటను గుడ్డతో తుడిచి నాకు చూపించాడు.

"పూజ జేసుకో బిడ్డా, వద్దంటలేను. బొట్టు బానెట్టుకు పెట్టు. దీన్ల నూనె పోస్తె దుమ్ము చుట్టమొచ్చినట్ల వచ్చి కూసుంటది, మల్ల పోదు."

పెట్రోలుతో కడిగి, ఎండలో ఆరబెట్టి, పెన్సిల్‌లోని నల్లటి పుల్లను నూరి ఆ పొడి రవ్వంత వేశాడు. బిగించాక నన్నే తిప్పి చూడమన్నాడు.

చిన్నాయన పోయిన మూడోనాడు, ఇంటి నిండా చుట్టాలుండగా ఆయన ఫోన్ మోగింది. చిన్నమ్మ దాన్ని తీసి నా చేతిలో పెట్టింది. ఎప్పుడో ఆయన దగ్గర బండి బాగు చేయించుకున్న శ్రీరంగాపూర్ రైతు. వాన పడి నేల విత్తడానికి పదునుగా ఉందట, రేపటికి ఆరిపోతుందట. ట్రాక్టర్‌కు విత్తే గొర్రు కట్టుకుని కూర్చున్నాడు, తాళంచెవి తిరగడం లేదు.

"జర పెద్దాయనకియ్యమ్మా," అన్నాడు.

చెప్పాలి. కానీ చెబితే పాపం ఆ మనిషి అడగాల్సింది అడగకుండానే ఫోన్ పెట్టేస్తాడు. ఆయన మాట్లాడలేడు, నేను చెప్తాను అన్నాను. ముందు బ్యాటరీ వైరు తీయించాను. స్విచ్ విప్పి పెట్రోలుతో కడిగాక, అది పూర్తిగా ఆరేదాకా వైరు మళ్లీ తగిలించొద్దని రెండుసార్లు చెప్పాను. పెన్సిల్ కోసం అతను పక్కింటికి పోయి వచ్చాడు. అంతసేపూ ఫోన్ పెట్టేయలేదు. చాలాసేపటికి అటునుంచి ఇంజిన్ చప్పుడు వినిపించింది.

"నడిసిందమ్మా. చేను ఇత్తనీకె పోతున్ననని పెద్దాయనకు చెప్పు."

"చెప్త," అన్నాను.

అతను ఫోన్ ఆపడం మరిచి అట్లాగే జేబులో వేసుకున్నట్టున్నాడు. చిన్నమ్మ చేయి చాచి నా దగ్గర ఫోన్ తీసుకుంది. చెవికి గట్టిగా ఆనించుకుని, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, ఆ ట్రాక్టర్ చేనంతా తిరుగుతుంటే వింటూ కూర్చుంది.