మీసాలున్న రచయిత్రులు

లోకంలో ఏ ఆడమనిషైనా నవల రాసిందంటే మా మావయ్య చచ్చినా ఒప్పుకునేవాడు కాదు. ఆయనది అద్దె పుస్తకాల షాపు. అట్ట మీద ఆడపేరు ఉంటే చాలు, ఎదురుగా నిలబడ్డ మగవాడి చెవిలో గుసగుసలాడేవాడు.

"పేరుకే ఆడపేరు సార్. రాసింది మీసాలున్న మనిషి. నాకు బాగా తెలుసు."

అలా ఎంతమంది రచయిత్రులకు మీసాలు మొలిపించాడో! ఒకావిడకి కోరమీసం, ఇంకొకావిడకి నెరిసిన మీసం. పురిటి వార్డు మీద వచ్చిన నవలకైతే గడ్డం కూడా తగిలించాడు.

"ఆ నొప్పులు మగాడికెలా తెలుస్తాయండీ?" అన్నాడొక బ్యాంకు గుమాస్తా.

"పంటినొప్పి వచ్చుంటుంది," అన్నాడు మావయ్య తడుముకోకుండా.

అత్తయ్య తల బాదుకునేది. నేను నవ్వేసేదాన్ని, నా మొదటి నవల అచ్చయ్యేదాకా. ఇది కదలకపోతే రెండోది వెయ్యనని ప్రచురణకర్త మొహం మీదే చెప్పాడు. భయంభయంగా పుస్తకాలు తెచ్చి షాపులో సర్దుతున్నాను. అంతలో టైలరు వచ్చాడు. ఆడవాళ్ల నవలలంటే ఆమడ దూరం పారిపోయే మనిషి.

"ఇది మా ఆవిడ చదివే రకమండీ. నాకు ఫైటింగులుండాలి."

"భలేవారే! రాసింది మీసాలాయనే. నా కళ్లెదుటే రాశాడు," అని మావయ్య నా పుస్తకం అంటగట్టాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. టైలరు గడప దాటగానే అడిగేశాను. "మావయ్యా! నాక్కూడానా?"

"వారం రోజులు నోరు మూసుకుని ఉండవే."

వారానికి టైలరు తిరిగొచ్చాడు. "ఆ నవలలో వదినని చూస్తే మా అక్కే గుర్తొచ్చిందండీ. ఎవరండీ ఆయన?"

"ఆయన కాదు, ఆవిడ. మా మేనకోడలు. అదిగో, నిచ్చెన మీద."

"మరి మీసాలన్నారు?"

"అబద్ధం. ముందే నిజం చెబితే అట్టయినా తిప్పేవారా?"

టైలరు అట్ట తిప్పి నా పేరు మళ్లీ చదువుకున్నాడు. ఆ గుమాస్తా ఈమధ్య "ఆ పురిటి వార్డు ఆవిడది కొత్తదేమైనా వచ్చిందా?" అని ఎందుకు అడుగుతున్నాడో నాకప్పుడు అర్థమైంది. పుస్తకం నచ్చి వచ్చిన ప్రతి మగాడికీ మావయ్య ఇలాగే నిజం చెప్పేస్తున్నాడన్నమాట. ఇవాళ నన్ను చదివే మగవాళ్లలో సగంమంది ఆయన అబద్ధాల పుణ్యమే. ఆ రుణం నేనెన్ని నవలలు రాసినా తీరదు.

టైలరు మెల్లగా నిచ్చెన దగ్గరికొచ్చాడు.

"రెండోది ఎప్పుడమ్మా? వస్తే ముందు నాకివ్వండి. మా ఆవిడ చేతికిస్తే, భోజనం దగ్గరే కథంతా చెప్పేస్తుంది."